బడి విలీనం: దూరం కొలతల నుంచి తీర్మానం దాకా నా అనుభవం

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 జీవో ఇచ్చినప్పుడు మా ప్రాథమిక పాఠశాలలోని 3, 4, 5 తరగతుల్ని హైస్కూల్లో కలపమన్నారు. 2025లో ఆ జీవో రద్దయి తొమ్మిది రకాల బడుల పద్ధతి వచ్చింది. ఈసారి మా పిల్లల్ని పక్క ఊరి మోడల్ ప్రైమరీ స్కూలుకి (తరగతికో టీచరు ఉండే ప్రాథమిక బడి) మ్యాపింగ్ చేశారు, అంటే ఆ బడికి కేటాయించారు. రెండుసార్లూ పేచీ దూరం దగ్గరే.

మాకు చూపించిన జాబితాలో దూరం బడి గేటు నుంచి బడి గేటుకి ఉంది. విద్యాహక్కు నియమాలు చెప్పేది పిల్లల ఇళ్ల నుంచి నడిచే దూరం గురించి: 1-5 తరగతులకు కిలోమీటరు, 6-8కి మూడు. గేటు దగ్గర కిలోమీటరు లోపే అనిపించేది, కాలనీ చివరి ఇంటి నుంచి కొలిస్తే కిలోమీటరున్నర తేలింది. మధ్యలో హైవే. అండర్‌పాస్‌కి వెళ్లాలంటే సర్వీసు రోడ్డు మీద చాలా దూరం వెనక్కి నడవాలి కాబట్టి పిల్లలు డివైడర్ సందులోంచే దాటేస్తారు. ఆ సందు దగ్గర బడివేళకి నిలబడి, తేదీ, లొకేషన్ పడేలా ఫొటోలు తీసి అర్జీకి జతచేశాం. వరద, రోడ్డు లేకపోవడం, దారిలో ప్రమాదం ఉన్నచోట దూరం పరిమితిని తగ్గించాలని నియమాల్లోనే ఉంది. అర్జీలో రాయాల్సింది ఆ మాట. ‘మా ఊరి బడి మాకే కావాలి’ అని రాస్తే దానికి అధికారులు తేల్చాల్సిందేమీ ఉండదు.

తర్వాత తీర్మానం. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అందుకని పొలం పనుల వేళ పెట్టే మీటింగ్‌ని ఒప్పుకోకండి. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది సంతకాల దగ్గర. హాజరు కోసం పెట్టిన సంతకాలు విలీనానికి అంగీకారంగా మారిపోగలవు. తీర్మానం మినిట్స్ బుక్కులో పూర్తిగా రాసి, పైకి చదివి వినిపించాకే, ఖాళీ లైను వదలకుండా దాని కిందే సంతకాలు పెట్టాలి. వేలిముద్ర పక్కన పేరు ఉండాలి. రెండో కాపీ మీద ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) ఇచ్చి నంబరు తీసుకోవాలి. ఎవరూ వచ్చి చూడకుండానే ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తే, అర్జీని రీఓపెన్ చేయించాలి.

ఇంత చేసినా పిల్లల సంఖ్య పడిపోతే వాదన నిలబడదు. గొడవ సాగుతున్నప్పుడే కొందరు టీసీ తీసుకుని ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కిస్తారు. వాళ్లని తప్పుపట్టలేం, కానీ ఒక్కో టీసీతో బడి బలం తగ్గుతుంది. అధికారులు చూసేది యూడైస్ లెక్క, అంటే బడుల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదయ్యే ప్రభుత్వ జాబితా. మన బడికి కొత్తగా వచ్చిన పిల్లవాణ్ణి పాత స్కూలువాళ్లు ఆన్‌లైన్‌లో వదలకపోతే, మన రిజిస్టర్‌లో పేరున్నా ఆ లెక్కలోకి ఎక్కడు. హెడ్‌మాస్టరు పక్కన కూర్చుని రిజిస్టర్‌నీ ఆన్‌లైన్ జాబితానీ పేరు పేరునా సరిచూడటం మాకు ధర్నా కంటే ఎక్కువ పనికొచ్చింది.

పక్క ఊరివాళ్లని శత్రువులుగా చూడటం అన్యాయం. తరగతికో టీచరు ఉండాలనే వాళ్లూ అడుగుతున్నారు. ఒక్క టీచరు ఐదు తరగతులు చెప్పే బడిలో, ఆయన సెలవు పెట్టిన రోజు చదువే ఉండదు. అది మా పిల్లలకీ నష్టమే. అందుకే తీర్మానంలో ‘విలీనం వద్దు’ అని రాయకుండా, 1, 2 తరగతులు ఇక్కడే ఉంచాలని, పెద్ద తరగతులకు వాహనం కుదిరాకే తరలించాలని రాశాం. దానికి ముందు ఆ బడికి వెళ్లి గదులు, మరుగుదొడ్లు లెక్కపెట్టుకుని, మన పిల్లల్ని కలిపితే సరిపోతాయో లేదో చూసుకున్నాం.

దూరం నుంచి వచ్చే పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నెలకు 600 రూపాయల రవాణా భత్యం ఉంది. అది తల్లిదండ్రుల ఖాతాలో పడుతుంది, ఆటో మాత్రం మనమే మాట్లాడుకోవాలి. ఆటో అతనికి నెలనెలా ఇవ్వాలి, భత్యం అలా రాదు. మొదటి నెలల డబ్బు ఎవరు సర్దాలో బడి తెరవకముందే తేల్చుకోవాలి. ఖాతాకి ఆధార్ లింకు కాని ఇళ్లేవో కూడా అప్పుడే చూసి పెట్టుకోండి.