180 కిలోమీటర్లు వెళ్లిన రాతికట్టు

తెల్లవారుజామున ఐదింటికి వ్యాను కదిలింది. వెనక మూడు ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో పాత దుప్పట్లు చుట్టిన 28 కిలోల ఎండు రాయి (జీవం లేని గుల్ల రాయి). 180 కిలోమీటర్ల అవతల మిత్రుడి ఇంట్లో ఈ రాతికట్టు కోసం నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, సిద్ధంగా ఉంది. దాని పైఅంచుకు అడ్డంగా గాజుపట్టీ ఉంది కాబట్టి కట్టు మొత్తం ఒకే ముక్కయితే లోపలికి దిగదు. అందుకే ట్యాంకు అడుగుభాగం కొలత, 120×60 సెంటీమీటర్లు, అట్టమీద గీసి, జిగురు లేకుండా రాళ్లు పేర్చి, అవి వాటంతటవి నిలిచాకే రెండు స్తంభాలు, పైన ఒక పలక అని విడదీశాను.

స్తంభాల్లో రాయికీ రాయికీ మధ్య 6 మి.మీ. యాక్రిలిక్ కడ్డీ ఉంది. డ్రిల్లింగ్ మిషన్‌లో హ్యామర్ (దెబ్బ కొడుతూ తొలిచే పద్ధతి) ఆపేసి, 8 మి.మీ. బిట్‌తో రెండువైపులా 4 సెంటీమీటర్ల లోతున తొలిచి, ఎపాక్సీ పుట్టీ (రెండు భాగాలు కలిపి పిసికితే గట్టిపడే ముద్ద) కూరాను. హ్యామర్‌తో తొలిస్తే రాయి పగులుతుంది. ఇనుము తుప్పుపడుతుంది, రాగి, ఇత్తడి రొయ్యల్నీ నత్తల్నీ చంపుతాయి. సిమెంటు వాడితే నీటి పీహెచ్ పెరుగుతుంది, వారాల తరబడి నానబెట్టాలి. పలకకు మాత్రం సూపర్‌గ్లూ జెల్, దానిమీద రాతిపొడి, అంతే.

చివరి 12 కిలోమీటర్లు కంకర దారి. దిగి డబ్బాలు తెరిస్తే స్తంభాలు చెక్కుచెదరలేదు, పలకలోని రెండు రాళ్లు ఊడి పడున్నాయి. విరిగినచోట చూస్తే కారణం తెలిసిపోయింది. గుల్ల రాళ్లు ఒకదాన్నొకటి తాకేది మూడు నాలుగు మొనల దగ్గరే. జిగురుకు దొరికే చోటు అంతే, పైగా గట్టిపడ్డ సూపర్‌గ్లూ పెళుసు, కుదుపులకు ఆగదు. కోసినప్పటి దుమ్ము కడగకపోవడంతో జిగురు సగం దుమ్మునే పట్టుకుంది. ఆ తప్పు పూర్తిగా నాదే.

అక్కడే బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరబెట్టి, వాటికీ కడ్డీలు దించాం. పుట్టీని గ్లవ్స్‌తో రంగు ఒకటయ్యేదాకా పిసికి, పైనా కిందా చుక్క సూపర్‌గ్లూ పెట్టి నొక్కాలి. గ్లూ క్షణాల్లో పట్టి ఉంచుతుంది, పుట్టీ గంటల మీద గట్టిపడుతుంది. గ్లూ మీద పొడి చల్లినప్పుడు వేడీ ఘాటైన పొగా వస్తాయి. కిటికీలు తెరిచి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. నూలు గ్లవ్స్ అసలు వద్దు, నూలు తగిలితే ఆ గ్లూ చర్మం కాలేంతగా వేడెక్కుతుంది.

మర్నాడు ముందు స్తంభాలు దించాం, ఇసుక ఆ తర్వాతే. ఇసుకమీద నిలబెడితే గోబీలనే చిన్న చేపలు, పిస్టల్ రొయ్యలు కింద తవ్వేస్తాయి, కట్టు కూలుతుంది. గాజుకు నాలుగువైపులా 10 సెంటీమీటర్లు వదిలాం. అయస్కాంతంతో గాజు తుడవాలి, పగడం పెరగాలి, వెనక నీరు ఆగితే చెత్త పేరుకుంటుంది. నీళ్లు నింపాక స్కిమ్మర్‌లో (నీటిలోని మలినాల్ని నురగగా తీసే పరికరం) నురగ పొంగింది. కొత్త పుట్టీ వల్ల అది మామూలే, రెండు మూడు రోజులు నురగ చేరే కప్పును పైకెత్తి ఉంచమని చెప్పాను.

పలకను స్తంభాలకు అంటించలేదు. రెండు కడ్డీ మొనలమీద కూర్చోబెట్టామంతే. రేపు ఏ చేపనో పట్టాల్సి వస్తే దాన్నొక్కదాన్నే పైకి తీయొచ్చు.