యతో యతో నిశ్చరతి

మొన్న సామూహిక జపంలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, వేలికి తొడుక్కున్న కౌంటరును టకటకా నొక్కుతూ నూటెనిమిది గాయత్రిని నాలుగు నిమిషాల్లో ముగించి, "మనసు నిలవదండీ, అందుకే త్వరగా కానిచ్చేస్తాను" అన్నారు. నాకు కోపం వచ్చిన మాట నిజమే.

గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు "యతో యతో నిశ్చరతి మనశ్చంచల మస్థిరమ్", అంటే చంచలమై నిలకడలేని మనసు ఎటెటు బయటికి పోతుందో, అన్నాడే గాని, మనసు బయటికి పోతే జపం చెడిందనలేదు. 'యతో యతః' అని రెండుసార్లు అనడంలోనే అది పదేపదే పోతుందన్న అంగీకారం ఉంది. దానికి జవాబుగా 'తతస్తతః' అని, పోయిన ప్రతి చోటి నుంచీ తీసుకురమ్మన్నాడు. అంతకు ముందు శ్లోకంలోనే 'శనైః శనైః', మెల్లమెల్లగా, అని హెచ్చరించాడు కనుక, ఈ తీసుకురావడం జుట్టు పట్టి ఈడ్చడం కాదు.

మనసు ఇలా పోవడం గురించి మెదడు శాస్త్రమూ కొంత చెబుతుంది. ఊరకే ఉన్న మెదడు ఊరకే ఉండదు. ఏ పనీ చెప్పనప్పుడు చురుకుగా ఉండి, పని అప్పగించగానే నెమ్మదించే భాగాలను 2001లో అమెరికాలో మార్కస్ రెయికల్ బృందం 'డిఫాల్ట్ మోడ్' పేరుతో వివరించింది. గతం, రేపు, నేను, నాది అనే ఆలోచనల అల్లిక ఎక్కువగా అక్కడే జరుగుతుంది. మెదడు కాండంలో 'లోకస్ సెరులియస్', అంటే నీలి మచ్చ, అనే చిన్న కేంద్రం ఉంది. అందులోని కణాలు కొన్ని పదుల వేలే అయినా, వాటి తంతువులు దాదాపు మెదడంతటా పరుచుకున్నాయి. తలుపు చప్పుడైతే చాలు, అవి మెదడును అప్రమత్తం చేసే నారడ్రినలిన్ అనే రసాయనాన్ని వెదజల్లి దృష్టిని అటు తిప్పుతాయి. నిశ్చరతి! అయితే దారి ఒకవైపుది కాదు. ఆ 'డిఫాల్ట్ మోడ్' వలయంలో భాగమైన నుదుటి వెనుక ప్రాంతం నుంచి ఈ నీలి మచ్చకూ, మనఃస్థితిని ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనాన్ని తయారుచేసే, మెదడు కాండంలోని రాఫే కేంద్రకాలకూ తంతువులు దిగివస్తాయి. పైన నడిచే తలపు కింది ఊటను కదిలిస్తుంది, కింది ఊట పైతలపును మారుస్తుంది.

శ్వాస లయను నడిపే చోటి నుంచి కూడా నీలి మచ్చకు దారి ఉంది. ఆ దారిలోని కొద్దిపాటి కణాలను తొలగిస్తే ఎలుకలు నెమ్మదిగా ఊపిరి తీస్తూ శాంతంగా ఉండిపోయాయని 2017లో తేలింది. ఇది గీతకు రుజువని నేననను, గీతకు ఆ అవసరం లేదు. కానీ జపానికి ముందు ప్రాణాయామాన్ని ముక్కు తాకి వదిలేసేవారు ఒక్కసారి ఆలోచించాలి.

మా నాన్నగారు మనసు తప్పిందని తెలిసిన చోటే ఆగి, బొటనవేలిని లెక్కపెడుతున్న వేలి కణుపు మీద అలాగే ఉంచి, ఒక దీర్ఘమైన ఊపిరి విడిచి, మళ్లీ ఓంకారం నుంచి అందుకునేవారు. తప్పిన జపాన్ని లెక్కలో కలిపేవారు కారు. రేపు ఉదయం నూటెనిమిది వద్దు. కౌంటరును ఇంట్లో పెట్టి, పది గాయత్రి ఆ విధంగా చేయండి.