ఇంటి రుణానికి సలహాదారును పెట్టుకున్నాం

అప్పు చేయడానికి కూడా ఒకరికి ఫీజు కట్టాలా అన్నది మొదట్లో నా వాదన. రుణ సంస్థలు వెంటపడి మరీ ఇస్తామంటున్నాయి. వడ్డీ రేట్లు వాళ్ల వెబ్‌సైట్లలో కళ్లముందే ఉన్నాయి. అన్నింటిలో తక్కువ రేటు ఎవరిదో చూసి దరఖాస్తు పెడితే సరిపోయేదానికి మధ్యలో ఇంకో మనిషి దేనికి? మా ఆవిడ మాత్రం పట్టు విడవలేదు. "ఇరవై ఏళ్లపాటు మన ఇద్దరి జీతాల్లో వాటా తీసుకునేవాళ్లతో మాట్లాడబోతున్నాం. వాళ్ల తరఫున లెక్కలు తెలిసినవాళ్లు ఉంటారు. మన తరఫున ఎవరున్నారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

వెతకడం మొదలుపెడితే సలహాదారుల్లో రెండు రకాలవాళ్లు కనిపించారు. ఒక రకం మన దగ్గర ఏమీ తీసుకోరు. రుణం మంజూరయ్యాక ఆ సంస్థ ఇచ్చే కమీషనే వాళ్ల రాబడి. రెండో రకం మన దగ్గరే ఫీజు తీసుకుంటారు. కమీషన్ తీసుకునేవాళ్లంతా మోసగాళ్లని అనను. కాగితాలు సర్దిపెట్టి, మనకు తిరుగుడు తప్పించి పని పూర్తిచేసేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. కానీ వాళ్ల జాబితాలో వాళ్లకు కమీషన్ ఇచ్చే సంస్థలే ఉంటాయి. పైగా అప్పు పెద్దదయ్యేకొద్దీ వాళ్ల రాబడి సాధారణంగా పెరుగుతుంది. మాకు ఎంత అప్పు మంచిదో అలాంటి మనిషిని అడగడం సబబు కాదనిపించింది. అందుకే ఫీజు తీసుకునే ఒకావిడను కలిశాం. డబ్బు ఎవరి నుంచి తీసుకుంటారు, ఎన్ని సంస్థల రుణాలు పోల్చి చూస్తారు, చివరికి మేము రుణమే వద్దనుకుంటే ఫీజు సంగతి ఏమిటి అని అడిగాం. అన్నింటికీ కాగితం మీద జవాబు రాసిచ్చారు. ఫీజు సగం ముందు, మిగతా సగం పని పూర్తయ్యాక.

మొదటిసారి కూర్చున్నప్పుడు వడ్డీ రేటు మాటే రాలేదు. బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు, పన్ను పత్రాలు, ఉన్న అప్పుల వివరాలు ముందుగానే తెమ్మన్నారు. స్టేట్‌మెంటు మీద పెన్సిల్‌తో వరుసగా దిగుతూ, ప్రతి నెలా తప్పకుండా పోయే ప్రతి మొత్తం పక్కనా చిన్న గీత పెట్టారు. బీమా ప్రీమియం, ఫోను కొన్న వాయిదా, వ్యాయామశాల చందా, అన్నీ. "మీకు ఇది చిన్న ఖర్చు మేడమ్, వాళ్లకు ఇది మీరు కట్టగల వాయిదాలో కోత" అని మా ఆవిడకు చెప్పారు. ఆ ఫోను వాయిదా మిగిలినంతా ఒకేసారి కట్టేసి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టమన్నారు.

మన అప్పులు, చెల్లింపుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టు విషయంలోనూ అంతే. మన రిపోర్టు మనం చూసుకుంటే, దాన్నిబట్టి మనకు వేసే స్కోరుకు ఏమీ కాదు. రుణం కోసం దరఖాస్తు పెట్టినప్పుడు ఆ సంస్థ తెప్పించుకుంటే మాత్రం అది రిపోర్టులో నమోదవుతుంది. కొద్ది కాలంలో అలాంటివి వరుసగా కనిపిస్తే, ఈ మనిషి అప్పు కోసం అందరి తలుపులూ తడుతున్నాడని ఎదుటివాళ్లు అనుకోవచ్చు. మా రిపోర్టులో ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు ఒకటి ఇంకా నడుస్తున్నట్టు ఉంది. కార్డు ఇచ్చిన సంస్థకు రాసి సరిచేయించేసరికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో ఎక్కడా దరఖాస్తు పెట్టనివ్వలేదావిడ. నాకు లోపల తొందరగా ఉన్నా ఊరుకున్నాను.

ఇక అసలు పాఠం రెండోసారి కలిసినప్పుడు మొదలైంది. కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, అప్పు 100 అనుకోమన్నారు. వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏళ్లు. నెలకు వాయిదా సుమారు 0.90. మొదటి వాయిదాలో 0.75 వడ్డీకే పోతుంది, అసలు తీరేది 0.15 మాత్రమే. 20 ఏళ్లలో కట్టేది దాదాపు 216, అంటే తీసుకున్న 100కు వడ్డీ 116. ఇంతవరకు నాకు కొత్తేమీ లేదు, లెక్క వేయడం నాకూ వచ్చు. ఆవిడ పట్టికను కిందికి జరుపుతూ పదో ఏడాది చివర ఆపారు. సగం గడువు అయిపోయింది కదా, ఇంకా ఎంత బాకీ ఉంటుందనుకుంటున్నారు అని అడిగారు. మా ఆవిడ అరవై అంది. తెర మీద 71 ఉంది. వాయిదాలో వడ్డీ కంటే అసలు భాగం ఎక్కువయ్యేది పన్నెండేళ్లు దాటాకేనని అదే పట్టికలో చూపించారు.

మా బావమరిది అప్పటికే గడువు 30 ఏళ్లు పెట్టుకోమని చెప్పి ఉన్నాడు. నెల బరువు తగ్గుతుంది, ఊపిరి పీల్చుకోవచ్చు అని అతని లెక్క. అదే 100కు, అదే 9 శాతానికి గడువును 30 ఏళ్లు చేసి చూపమన్నాను. వాయిదా 0.90 నుంచి 0.80కి దిగింది. పదో వంతు ఊరట. వడ్డీ మాత్రం 116 నుంచి 190కి ఎక్కింది. ఆ పదో వంతు లేకపోతే నెల గడవని ఇళ్లకు 30 ఏళ్ల గడువే దారి కావచ్చు, అందులో తప్పేమీ లేదని ఆవిడే అన్నారు. మా విషయంలో అది ఊరట కోసం కాదు, ఇంకాస్త పెద్ద ఇల్లు కొనడం కోసమని మా ఇద్దరికీ తెలుసు. పెద్ద ఇంటి ముచ్చట అక్కడితో ఆగింది.

తర్వాత రేటు గడిలో 9 చెరిపి 10 వేశారు. నేనైతే వాయిదా పెరుగుతుందని అనుకున్నాను. చాలాచోట్ల రేటు పెరిగినప్పుడు వాయిదాను అలాగే ఉంచి గడువు పొడిగిస్తారట. నెలనెలా పోయే మొత్తం మారదు కాబట్టి మనకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. 20 ఏళ్ల అప్పు 26 ఏళ్లు దాటింది. 11 వేసేసరికి తెర మీద గడువే రాలేదు, గడి ఖాళీ. కంప్యూటర్ మొరాయించిందేమో అనుకున్నాను. 100 మీద 11 శాతం అంటే నెల వడ్డీయే 0.92 దాకా ఉంటుంది, మనం కట్టేది 0.90. ఎన్నేళ్లు కట్టినా అప్పు తీరదు సరికదా, నెలనెలా కొంచెం పెరుగుతుంది. అప్పు మొదట్లోనే రేట్లు అంతగా ఎక్కితేనే ఈ గతి, నిజమే. కానీ రేటు మారినప్పుడు వాయిదా పెరగాలా, గడువు పెరగాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారని ఒప్పందంలో వెతకాల్సింది అందుకేనన్నారు. మేము చూసిన ఒక ముసాయిదాలో ఆ నిర్ణయం పూర్తిగా రుణ సంస్థదే. మరో సంస్థ ముసాయిదాలో మాకు తెలియజేసి, మా ఎంపిక అడగాలని ఉంది. రెండో సంస్థ రేటు పిసరంత ఎక్కువ. మేము దాన్నే తీసుకున్నాం.

స్థిరమైన వడ్డీ అయితే ఈ బాధే లేదు కదా అని అడిగాను. "ఎంత కాలం స్థిరం?" అన్నారు. కొన్ని సంస్థల్లో స్థిర వడ్డీ అంటే మొదటి కొన్నేళ్ల వరకే, ఆ తర్వాత అప్పటి రేటు. మారే వడ్డీ అయితే అది ఏ ప్రామాణిక రేటుకు ముడిపడి ఉంది, దాని మీద సంస్థ కలిపే మార్జిన్ ఎంత, ఎన్ని నెలలకోసారి సవరిస్తారు అని చూడాలి. పెరిగినప్పుడు ఎంత త్వరగా మన మీద వేస్తారో తగ్గినప్పుడూ అంతే త్వరగా తగ్గిస్తారా అన్నది కూడా. మున్ముందు రేట్లు ఎటు పోతాయో చెప్పమని అడిగితే మాత్రం నవ్వేసి, అది తన ఫీజులో లేదన్నారు.

చవకగా కనిపించిన రేటు వెనక ఏముందో విడిగా ఒక కాగితం మీద వేశారు. ప్రాసెసింగ్ ఫీజు, విలువ కట్టే ఖర్చు, న్యాయ పరిశీలన ఖర్చు, గడువుకు ముందే తీరిస్తే రుసుము, వీటికితోడు ఒక బీమా. బీమా అంటే నాకు వ్యతిరేకత లేదు. ఇద్దరిలో ఒకరికి ఏమైనా అయితే రెండోవారి మీద అప్పు పడకుండా ఉండటం అవసరమే. ఆ ప్రీమియం మొత్తాన్ని అప్పులో కలిపేస్తామనడమే చిక్కు. అప్పుడు దాని మీదా 20 ఏళ్ల వడ్డీ నడుస్తుంది, 9 శాతానికి చివరికి కట్టేది ఆ ప్రీమియానికి రెండింతలు దాటుతుంది. అదే రక్షణ ఇచ్చే పాలసీ విడిగా తీసుకోవచ్చా అని అడగమన్నారు. అడిగాం. కౌంటరులో ఉన్నాయన తప్పనిసరి అన్నాడు. తప్పనిసరి అన్న నిబంధన ఎక్కడుందో చూపమని మెయిల్ రాస్తే, ఐచ్ఛికమేనని జవాబు వచ్చింది. అన్నీ కలిపి లెక్క వేస్తే అన్నింటికన్నా తక్కువ రేటు చెప్పిన సంస్థ మా జాబితాలో మూడో స్థానానికి జారింది.

హామీ సంతకం పెడతానని మా మామయ్యగారు ముందుకొచ్చారు. ఆ మాట చెవిన పడగానే ఆయన్ను కూడా ఒకసారి తీసుకురమ్మన్నారు సలహాదారు. హామీదారు అంటే సాక్షి కాదనీ, మేము కట్టలేకపోతే మొత్తం బాకీకి ఆయన్నే అడగవచ్చనీ, రేపు ఆయనకే అప్పు కావాల్సివస్తే ఈ సంతకం అడ్డు రావచ్చనీ చెప్పారు. మామయ్యగారు అంతా విని, "అవసరమైతే పెడతాను, అవసరం లేకుండా చూడండి" అన్నారు. అవసరం రాలేదు. మా ఆవిడా నేనూ కలిసి తీసుకున్నాం కాబట్టి చెరి సగం బాధ్యత అనుకునేవాడిని. అదీ కాదట, ఇద్దరిలో ఎవరైనా పూర్తి బాకీకి బాధ్యులే.

ఇంటి విలువ కట్టినప్పుడు మేము ఒప్పుకున్న ధర కంటే తక్కువ వచ్చింది. ధర 100, విలువ 95 అనుకోండి. 80 శాతం రుణం అంటే 80 రాదు, తక్కువ ఉన్న 95 మీద లెక్క కట్టి 76 ఇస్తారు. చేతి నుంచి పెట్టాల్సింది 20 కాదు, 24. ఇలా జరగవచ్చని ముందే చెప్పి కొంత పక్కన పెట్టించారు కాబట్టి ఇబ్బంది పడలేదు. అడ్వాన్సు కాగితంలో కూడా రుణం తగ్గితే బేరం రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకునే షరతు రాయించారు. ఇల్లు అమ్మే ఆయన మొదట ముఖం చిట్లించినా ఒప్పుకున్నాడు. పత్రాలు చూడటానికి రుణ సంస్థ వకీలు ఉన్నా మాకంటూ ఇంకో వకీలును పెట్టుకోమన్నారు. వాళ్ల వకీలు తేల్చేది ఆ ఇల్లు వాళ్ల అప్పుకు తాకట్టుగా పనికొస్తుందా లేదా అని. దారి హక్కు, హద్దులు, పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ వంటివి మనకు ముఖ్యం.

వాయిదాలు మొదలయ్యాక చేయాల్సిన పని ఒక్కటే చెప్పారు, చేతిలో మిగిలినప్పుడు మొదటి ఏళ్లలోనే అసలులోకి కట్టమని. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు ఉన్న అప్పుకు మొదటి నెలలోనే అదనంగా ఒక వాయిదా కడితే చివర్లో దాదాపు ఆరు వాయిదాలు ఎగిరిపోతాయి. అదే పదేళ్ల తర్వాత కడితే రెండున్నర కంటే తక్కువే. అలా కట్టినప్పుడు వాయిదా తగ్గించకుండా గడువు తగ్గించమని ప్రతిసారీ రాసి ఇవ్వాలి. చెప్పకపోతే వాళ్లకు తోచినట్టు సర్దుతారు. మంజూరు పత్రంలో పాక్షిక చెల్లింపుకు రుసుము లేదన్న వాక్యం ఉందో లేదో వేలుపెట్టి చదివించారు.

సంతకాల రోజున ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. అసలు పత్రాలు అప్పగించేటప్పుడు ఒక్కో పత్రం పేరు, తేదీ, పేజీల సంఖ్యతో జాబితా రాయించి, రుణ సంస్థ అధికారి సంతకం, ముద్ర వేయించిన ప్రతి మాకు ఇప్పించారు. ఒకచోట పేజీల సంఖ్య తేడాగా పడితే అక్కడే దిద్దించి, దిద్దిన చోట మళ్లీ సంతకం చేయించారు. అప్పు తీరిన రోజున తీసుకోవాల్సినవి ఆ జాబితా వెనకే ఆవిడ తన చేత్తో రాశారు: ఈ పత్రాలన్నీ, బాకీ లేదన్న లేఖ, రిజిస్టరులో తనఖా తొలగించినట్టు నమోదైన కాగితం, క్రెడిట్ రిపోర్టులో రుణం మూసినట్టు చూపే తాజా ప్రతి. మిగతా సగం ఫీజు ఆ సాయంత్రమే పంపించాం.