విశ్రాంతి తీసుకోమన్నారు

"ఛాతీ కింద అంతా చచ్చుబడ్డాక ఇక వ్యాయామం దేనికయ్యా? హాయిగా విశ్రాంతి తీసుకో." ఎక్స్‌రే ఫిల్మును కవర్లోకి తోస్తూ, నా ముఖం వైపు కూడా చూడకుండా ఒక డాక్టరు అన్న మాట ఇది. ఇంతవరకూ ఆ మాటను క్షమించలేకపోయాను.

ఎర్రగుంట్ల దగ్గర కడప బండలను లారీకి ఎత్తిస్తూ పైనుంచి వెల్లకిలా పడ్డాను. వీపు భాగంలోని మూడో పూస దగ్గర వెన్నుపాము నలిగింది. ఆపరేషన్, రాడ్లు, స్క్రూలు, ఆ తర్వాత వెల్లూరులో పునరావాస చికిత్స. ఈ దారిన నడిచిన కుటుంబాలకు అవన్నీ తెలిసినవే. వెల్లూరు గురించి ఒక్కటి మాత్రం చెప్పాలి. 1954లో ప్రమాదంలో కాళ్లు చచ్చుబడినా చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ పూనికతో 1966లో మొదలైన సంస్థ అది. అక్కడ నన్ను ఎవరూ విశ్రాంతి తీసుకోమనలేదు.

కడపకు తిరిగి వచ్చాక ఆ మాట మొదలైంది. చుట్టాలందరిదీ అదే సలహా. పొట్ట పెరిగింది. మంచం మీది నుంచి కుర్చీలోకి జరిగితే చాలు, ఆయాసం.

ఆ వేసవిలోనే ఒక రాత్రి తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. ముఖం, మెడ ఎర్రబడి చెమటలు కారుతున్నాయి. ఛాతీ కింద మాత్రం ఒళ్లు పొడిగా, చల్లగా ఉంది. నర్సింగ్ హోముకు తీసుకెళ్తే బీపీ 190 దాటిందన్నారు. మామూలుగా నాకు వంద దగ్గర ఉంటుంది. గోడ గడియారం ముళ్లు చెదిరి కనిపిస్తున్నాయి. పిల్లల ముఖాలు ఇక చూడనేమో అనుకున్నాను. డ్యూటీ డాక్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, "కంగారు వల్ల వచ్చింది, నిద్రమాత్ర ఇస్తాను" అన్నాడు. అసలు పడుకోబెట్టడమే ప్రమాదం! వెల్లూరులో నర్సు నేర్పింది నా భార్య మరిచిపోలేదు. "ఏమండీ, పడుకోకండి, లేచి కూర్చోండి" అంటూ చంకల కింద చేతులు వేసి లేపింది. కాళ్లు మంచం కిందికి దించి, దుప్పటి లాగి చూసింది. తొడ కింద యూరిన్ ట్యూబు మడతపడి ఉంది. మడత విప్పగానే సంచిలోకి మూత్రం ధారకట్టింది. కాసేపటికే తలనొప్పి దిగిపోయింది. ఆ రోజు నేను బతికానంటే ఆమె చలవే.

దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. వీపులోని ఆరో పూస దగ్గర గానీ అంతకు పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకు ఎక్కువగా వస్తుంది. మూత్రాశయం నిండినా, మలబద్ధకమైనా, పుండు పడినా కింది నుంచి వచ్చే సంకేతాలు మెదడుదాకా చేరవు. మెదడు అదుపు లేక గాయం కింది రక్తనాళాలు వాటంతటవే బిగుసుకుని బీపీ ఎగబాకుతుంది. మెదడులో రక్తస్రావం కూడా కావచ్చు.

ఆ రాత్రి తర్వాత కడపలోనే ఒక ఫిజియోథెరపిస్టును కలిశాం. చిన్న వయసు అమ్మాయి. మా ఇంటికి వచ్చి, పాత సైకిల్ పెడళ్లను వెల్డింగ్ షాపులో ఇనుప చట్రానికి అతికించి, బల్లకు బిగించేలా చేయించింది. "అన్నా, కాళ్ల పని చేతులతో చేయిద్దాం" అంది. నిమిషం పాటు మాట పెగలనంత జోరుగా తిప్పడం, రెండు నిమిషాలు నెమ్మదిగా తిప్పడం, మళ్లీ జోరు. మొదటి వారాల్లో కళ్లు తిరిగేవి. ఆమె మాత్రం వదల్లేదు.

గుండెను వేగంగా కొట్టించే నరాలు వీపు పైభాగం నుంచే వెళ్తాయి. అందుకని నాలాంటివాళ్లలో ఎంత కష్టపడినా నాడి అంతగా పెరగకపోవచ్చు. చేతి గడియారం చూపే నాడి అంకెను నమ్మకుండా, ఎంత ఆయాసపడుతున్నామో దాన్నిబట్టే శ్రమను కొలవాలి. గాయం కింద చెమట సరిగా పట్టదు కాబట్టి ఒళ్లు వేడెక్కిపోతుంది. కడప ఎండల్లో అది మామూలు విషయం కాదు. తెల్లవారకముందే చేస్తాను, మెడకు తడి తువ్వాలు చుట్టుకుంటాను. మొదలుపెట్టే ముందు మూత్రాశయం ఖాళీ చేసుకోవడం తప్పనిసరి. భుజాలు నొప్పిపెడితే ఆపేయాలి, మిగిలినవి అవే కదా మనకు.

2018లో వెలువడిన అంతర్జాతీయ సూచనల ప్రకారం దేహదారుఢ్యం కోసం వారానికి రెండుసార్లు కనీసం ఇరవై నిమిషాలు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన శ్రమ చేయాలి. దాంతోపాటు పనిచేసే ప్రతి పెద్ద కండరానికీ బలం పెంచే వ్యాయామాలు ఉండాలి. గుండె ఆరోగ్యం కోసమైతే ముప్ఫై నిమిషాలు, వారానికి మూడుసార్లు. ఇంత స్పష్టంగా రాసి ఉన్న సంగతిని నన్ను విశ్రాంతి తీసుకోమన్న పెద్దమనిషి ఒక్కసారి చదివి ఉంటే!

ఈ వ్యాయామం వల్ల నేను నడవను. ఆ ఆశతో మొదలుపెట్టేవాళ్లు నిరాశపడి మానేస్తారు, అది నాకు బాధ. మా అమ్మ దేవుని కడప వెంకన్నకు నేను నడిచి కొండెక్కాలని మొక్కింది, పెద్ద దర్గాలో తాయెత్తు కట్టించింది. ఇప్పుడు మంచం నుంచి కుర్చీలోకి ఎవరి సాయం లేకుండా మారుతున్నాను, గుడి వీధిలో చక్రాలు నేనే తోసుకుంటాను. "నీ ఊపిరి బాగుంటే చాలు నాయనా" అంటోంది అమ్మ. దేవుడు ఆ అమ్మాయి రూపంలో వచ్చాడని ఆమె నమ్మకం. నాకూ అంతే.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే వ్యాయామం మొదలుపెట్టే ముందు వెన్నుపాము గాయాలు తెలిసిన డాక్టరుకు చూపించండి. ఇంకో పని ఈ రోజే చేయండి. ఒక కాగితం మీద "విపరీతమైన తలనొప్పి వస్తే కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, ట్యూబు చూడండి, బీపీ కొలవండి" అని రాసి కుర్చీ సంచిలో పెట్టండి. ఆస్పత్రిలో మొదట ఆ కాగితమే చేతికివ్వండి.