నాలుగు వేలల్లో ట్రైపాడ్ కొనాలంటే: ఎత్తు సంగతి వదిలేసి గట్టితనం చూస్కోండి

మా ఆఫీసులో ఈమధ్య ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కెమెరాలు కొన్నారు, ఆ తర్వాత వరసగా అందరూ అడిగేది ఒకటే, అన్నా మూడు నాలుగు వేలల్లో మంచి స్టాండు ఏదైనా ఉంటే చెప్పు అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నా. ఫలానా మోడల్ కొనండి అని మాత్రం చెప్పను, ఎందుకంటే ఈ రేంజ్‌లో మోడళ్ళు మారిపోతూ ఉంటాయి, రేట్లు కూడా సేల్ వచ్చినప్పుడొకటి మామూలప్పుడొకటి. షాపులో స్టాండు చేతిలోకి తీసుకున్నప్పుడు ఏం చూడాలో తెలిస్తే మోడల్ మీరే పట్టుకోగలరు.

ముందు అసలు విషయం చెప్పేస్తా. తక్కువ డబ్బుల్లో ఎత్తు, తక్కువ బరువు, గట్టితనం మూడూ కలిపి రావు. రెండు వస్తే గొప్ప. కానీ అడ్వర్టైజ్‌మెంట్‌లో పెద్ద అక్షరాలతో ఎత్తూ బరువే వేస్తారు, అయిదున్నర అడుగులు, కిలో మాత్రమే అని. గట్టితనానికి మాత్రం డబ్బా మీద ఎక్కడా నంబర్ ఉండదు. మనకి కావాల్సిందేమో అదే. రాత్రిపూట 10 సెకన్ల పాటు షట్టర్ (కెమెరాలోకి వెలుతురు వదిలే తలుపు) తెరిచి ఉంచాలంటే అంతసేపూ కెమెరా కదలకూడదు, స్టాండు చేయాల్సిన పని అదొక్కటే, మిగతావన్నీ సౌకర్యాలు.

ఎత్తు దగ్గర మొదలుపెడదాం. డబ్బా మీద రాసే ఎత్తు మధ్యలో ఉండే రాడ్‌ని, అంటే సెంటర్ కాలమ్‌ని, మొత్తం పైకి లాగేసి కొలిచింది. ఆ రాడ్ పైకి లాగగానే మూడు కాళ్ళ మీద నిలబడాల్సిన కెమెరా ఒంటి కాలి మీద నిలబడినట్టే, కాస్త గాలి వచ్చినా ఊగుతుంది. అందుకే ఆ రాడ్ దించి పెట్టినప్పుడు ఎంత ఎత్తొస్తుందో చూడండి, స్పెసిఫికేషన్‌లో సెంటర్ కాలమ్ డౌన్ అనే లైన్ ఉంటే అదే అసలు ఎత్తు. అది 125-130 సెంటీమీటర్లుంటే చాలు. పైన హెడ్, అంటే కాళ్ళ మీద కెమెరాని పట్టుకుని తిప్పే భాగం, ఒక 10 సెంటీమీటర్లు, దాని మీద కెమెరా వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) దాకా ఇంకో 8 వేసుకోండి, దాదాపు 145 దాటిపోతుంది, మామూలు ఎత్తున్న మనిషి కాస్త మెడ వంచితే సరిపోయే లెక్క. పైగా ఇప్పుడు చాలా కెమెరాలకి తిప్పుకునే స్క్రీన్లు వచ్చేశాయి, కంటి ఎత్తు దాకా తేవాల్సిన అవసరమే తగ్గిపోయింది. నా అభిప్రాయం అడిగితే నడుం ఎత్తులోంచి తీసిన ల్యాండ్‌స్కేప్‌లే బాగుంటాయి, ముందున్న రాళ్ళూ గడ్డీ కూడా ఫ్రేములోకి వస్తాయి.

ఇక కాళ్ళు. ఇక్కడ కాస్త టైం పెట్టండి, అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. ఒక్కో కాలు గొట్టంలో గొట్టం దూరేలా మూడో నాలుగో అయిదో భాగాలుగా ఉంటుంది. భాగాలు ఎక్కువైతే మడిచినప్పుడు పొట్టిగా అవుతుంది, బ్యాగులో పడుతుంది, కానీ భాగం పెరిగిన కొద్దీ కిందిది సన్నబడుతుంది. ఉదాహరణకి పై గొట్టం 25 మిల్లీమీటర్లుంటే తర్వాతవి సుమారుగా 22, 19, 16 అలా దిగుతాయి. మూడు భాగాల స్టాండైతే నేల మీద ఆనేది 19, నాలుగు భాగాలైతే 16. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది కానీ రేకు మందం ఒకటే అనుకుంటే గొట్టం వంగకుండా నిలబడే శక్తి వ్యాసం పెరిగే కొద్దీ దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే వ్యాసం రెట్టింపైతే గట్టితనం ఎనిమిది రెట్లు, 16 నుంచి 19కి వెళ్తేనే ఒకటిన్నర రెట్ల పైన. అందుకే షాపులో కాళ్ళు పూర్తిగా సాగదీయమని అడిగి అన్నిటికంటే కింది గొట్టం చూడండి. పెన్సిల్ కంటే కాస్త లావుగా ఉందంటే అది ఫోన్ పెట్టుకోడానికి తప్ప కెమెరాకి పనికిరాదు.

బైక్ మీదో ఆర్టీసీ బస్సులోనో తిరిగేవాళ్ళయితే నాలుగు భాగాలది తీసుకోండి, మడిస్తే 45-50 సెంటీమీటర్లు వస్తుంది, బస్సులో పైన ర్యాకులో పెట్టేయొచ్చు. ఇంట్లోనే ప్రాడక్ట్ ఫోటోలో వీడియోలో తీసుకునేవాళ్ళయితే కళ్ళు మూసుకుని మూడు భాగాలది. అయిదు భాగాల ట్రావెల్ స్టాండ్లు ఈ బడ్జెట్‌లో వద్దు, అవి బాగుండాలంటే చాలా డబ్బు పెట్టాలి.

అన్నట్టు, మోసే బరువు 5 కిలోలు, 8 కిలోలు అని రాస్తారు చూశారా, దాన్ని చూసి కొనకండి. ఆ నంబర్ ఎలా కొలవాలో అన్ని కంపెనీలకీ కలిపి ఒక పద్ధతంటూ లేదు, ఎవరి కొలత వాళ్ళది. అంత బరువు పెడితే కూలిపోదు అని చెప్తున్నారంతే, ఊగదు అని కాదు. మనలో చాలామంది దగ్గరుండే కెనాన్ 1500డి బాడీ దాదాపు 475 గ్రాములు, దానికి 55-250 లెన్స్ తగిలించినా కిలో దాటదు. బరువు ఏ స్టాండయినా మోస్తుంది, కదలకుండా మోస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

దానికి షాపులోనే చేసుకోగలిగే పరీక్ష ఒకటుంది, నేను ఎవరికి తోడుగా వెళ్ళినా ఇది చేయకుండా డబ్బులు ఇవ్వనివ్వను. మీ కెమెరా, మీ దగ్గరున్న పెద్ద లెన్స్ వెంట తీసుకెళ్ళండి. స్టాండు కాళ్ళు పూర్తిగా తెరిచి, మధ్య రాడ్ దించి, కెమెరా బిగించి, లెన్స్ ఫుల్ జూమ్ చేసి లైవ్ వ్యూ (బొమ్మని వెనక స్క్రీన్ మీద చూపించేది) ఆన్ చేయండి. ఎదురుగా గోడ మీద క్యాలెండరో రేటు కార్డో ఏదో ఒకటి అక్షరాలున్నది ఉంటుంది, దాని మీద ఫోకస్ పెట్టి స్క్రీన్ మీద 10 రెట్లు పెద్దది చేయండి. ఇప్పుడు ఒక కాలిని వేలితో టక్కున కొట్టండి. స్క్రీన్ మీద అక్షరాలు వణకడం మొదలవుతుంది. అది ఎప్పటికి ఆగుతుందో చూడండి. ఒకటి, రెండు అనుకునేలోపు అక్షరాలు నిలబడిపోతే ధైర్యంగా తీసుకోవచ్చు. అయిదారు లెక్కపెట్టినా ఇంకా అటూ ఇటూ పోతున్నాయంటే పక్కన పెట్టి ఇంకోటి చూపించమనండి. తర్వాత రాడ్ పైకి లాగి అదే మళ్ళీ చేయండి, అదే స్టాండు ఎంత మారిపోతుందో మీకే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి వైపు కెమెరా షాపుల్లో నాలుగైదు రకాలు పక్కపక్కన పెట్టించుకుని ఇలా పోల్చుకోవచ్చు, మధ్యాహ్నం పూట రద్దీ తక్కువున్నప్పుడు వెళ్తే ఓపిగ్గా చూపిస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రిటర్న్ గడువులోపే ఇంట్లో ఈ పరీక్ష చేసేయండి.

ఇంకోటి కూడా చేయండి. కాళ్ళు కలిసే చోట, భుజం లాంటి భాగం ఉంటుంది కదా, ఒక చేత్తో కాళ్ళు పట్టుకుని ఇంకో చేత్తో ఆ భుజాన్ని మెలితిప్పినట్టు చేయండి. అక్కడ ప్లాస్టిక్ అయితే కొద్దిగా తిరిగినట్టు తెలుస్తుంది. చౌక స్టాండ్లలో ముందు పాడయ్యేదీ అదే.

హెడ్ గురించి. రెండు వేల లోపు వచ్చే వాటికి చాలావరకు పొడుగు హ్యాండిల్ ఉన్న ప్లాస్టిక్ హెడ్ ఫిక్స్ అయిపోయి వస్తుంది, అది విప్పడానికి కూడా రాదు. హెడ్ విడిగా ఊడొచ్చే స్టాండు కొనండి, ఈ ఒక్క దానికోసం ఇంకో వెయ్యి ఎక్కువ పెట్టినా నష్టం లేదు. కాళ్ళ పైన ఒక స్క్రూ ఉంటుంది, 3/8 అంగుళాలదో లేదా కెమెరా కిందుండే 1/4 అంగుళాలదో, ఈ రెండు సైజులే ప్రపంచమంతా నడుస్తాయి. రేపు డబ్బులున్నప్పుడు కాళ్ళు అవే ఉంచుకుని మంచి హెడ్ మార్చుకోవచ్చు. ఫోటోలకి బాల్ హెడ్ నాకు సుఖం, ఒక్క నాబ్ వదులు చేస్తే ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. దాన్ని కూడా షాపులో చూడండి, జూమ్ లెన్స్‌తో ఒక బొట్టు లాంటి గుర్తుని ఫ్రేము మధ్యలో పెట్టి నాబ్ బిగించి చెయ్యి వదిలేయండి. గుర్తు పైకి జరిగిందంటే బాల్ కిందికి వాలుతోందన్నమాట. ఒక్క వెంట్రుక వాసి జరిగితే పర్లేదు, కానీ ఆగకుండా నెమ్మదిగా జారుతూనే ఉంటే వద్దు. గండికోటలో రాత్రి నక్షత్రాలు తీస్తూ 15-20 సెకన్లు షట్టర్ తెరిచినప్పుడు ఆ జారుడు మొత్తం ఫోటోలో గీతలై కనిపిస్తుంది.

కెమెరా కింద బిగించే ప్లేటు ఆర్కా రకం ఉండేలా చూడండి, పక్కలు వాలుగా చెక్కి సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. కంపెనీ సొంత ప్లేటయితే పోయినప్పుడు దొరకదు, ఆర్కా ప్లేటయితే కొన్ని వందలకి ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది ఒకటి కొని బ్యాగులో పడేయండి.

కాళ్ళ భాగాల్ని బిగించే లాకులు క్లిప్పువా, తిప్పేవా అని చాలామంది వాదించుకుంటారు, నాకైతే రెండూ ఒకటే. క్లిప్పువి వేసినట్టు కంటికి కనిపిస్తాయి, వదులైతే స్క్రూ బిగించుకోవచ్చు, తిప్పేవి నున్నగా ఉండి దేనికీ తగులుకోవు. కార్బన్ ఫైబర్ సంగతి ఇప్పుడు ఆలోచించకండి, తేలికే, వణుకు కూడా త్వరగా ఆగుతుంది, కానీ ఈ బడ్జెట్‌లో అల్యూమినియమే న్యాయమైన బేరం.

వీడియోనే మీ పని అయితే లెక్క వేరు. ఫ్లూయిడ్ హెడ్ (లోపలి ద్రవం వల్ల కుదుపు లేకుండా తిరిగే హెడ్) అని పేరు పెట్టి అమ్మే చౌక వాటిల్లో చాలావరకు లోపల గ్రీజు తప్ప ఏం ఉండదు. హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి తిప్పండి, మొదలైనప్పుడు ఆగినప్పుడు కుదుపు లేకుండా, వదిలేశాక వెనక్కి లాగకుండా ఉంటే బాగున్నట్టే.

సెకండ్ హ్యాండ్‌కి మొహమాటపడకండి. కెమెరా పాతబడితే విలువ పడిపోతుంది, స్టాండులో పాతబడేదేముంది, గొట్టాలూ స్క్రూలూ. మాన్‌ఫ్రోటో కంపెనీ 190, 055 మోడళ్ళ లాంటి పాత అల్యూమినియం కాళ్ళు ఎక్కడైనా మంచి రేటుకి కనిపిస్తే కొత్త చౌక స్టాండు కంటే వంద రెట్లు నయం, బరువుంటాయి కానీ రాయిలా నిలబడతాయి, స్పేర్ పార్టులు కూడా విడిగా అమ్ముతారు. కొనేముందు ఒక్కో లాకు వేసి కాలి మీద మీ బరువు కొంచెం మోపి చూడండి, జారకూడదు. పైన స్క్రూ మరలు అరిగాయేమో కూడా చూస్కోండి.

కొన్నాక వాడే తీరు కూడా సగం గట్టితనం ఇస్తుంది. కాళ్ళు తెరిచేటప్పుడు లావు గొట్టాలు ముందు, సన్నవి చివర్లో, అది కూడా అవసరమైతేనే. వాలు నేల మీద రెండు కాళ్ళు పల్లం వైపు, ఒకటి ఎగువకి. గాలి ఉంటే మధ్య కొక్కేనికి బ్యాగు తగిలించండి, కానీ గాల్లో వేలాడనివ్వకండి, ఊగే బ్యాగు స్టాండుని కూడా ఊపుతుంది, అడుగు కాస్త నేలకి ఆనేలా ఉండాలి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, లెన్స్‌లో స్టెబిలైజర్ (చేతి వణుకుని సర్దేది) ఆపేయండి. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అయితే 1/30 నుంచి అర సెకను మధ్య షట్టర్ స్పీడుల్లో లోపలి అద్దం ఎగిరే కుదుపు ఫోటోలో బాగా తెలుస్తుంది, అదే 20 సెకన్లప్పుడు ఆ కుదుపు మొత్తం టైములో ఎంతో కాదు కాబట్టి కనపడదు. అందుకని సాయంత్రం సగం వెలుతురులో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100కి దించి, లెన్స్ రంధ్రం చిన్నదయ్యేలా ఎఫ్ 11 పెట్టి షట్టర్ టైం ఇంకా పెంచేయడం మంచిది.

రాజమండ్రిలో గోదావరి మీద వంతెనలు తీయాలనుకునేవాళ్ళకి ఒక మాట, పుష్కర్ ఘాట్ మెట్ల మీంచి తీయండి. 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన ఎక్కి అక్కడ స్టాండు వేస్తే లారీ వెళ్ళినా రైలు వెళ్ళినా కాళ్ళ కిందే కదులుతుంది, లక్ష రూపాయల స్టాండయినా ఏం చేయలేదు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద కూడా అంతే, బండ్లు ఆగిన క్షణం చూసి నొక్కాలి. గోల్కొండ లాంటి ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడాల్లోకి స్టాండుతో వెళ్ళాలంటే ముందే పర్మిషన్ తీసుకోవాలి, గేటు దాకా మోసుకెళ్ళి వెనక్కి రావడం ఎందుకు.

పక్షుల కోసమే అయితే ఇంత ఖర్చు కూడా అక్కర్లేదు. కొల్లేరులో ఆటపాక వెళ్ళి పెలికాన్లు తీయడానికి మందపాటి గుడ్డ సంచిలో రెండు కిలోల మినుములు పోసి కుట్టేయండి, గట్టు గోడ మీదో కారు అద్దం దించి తలుపు మీదో పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి, చిన్న స్టాండు కంటే అదే స్థిరంగా ఉంటుంది, తిప్పడమూ తేలిక.

బీచ్‌కి తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం ఇది గుర్తుంచుకోండి. సూర్యలంకలోనో భీమిలిలోనో అలల్లో పెట్టి తీశాక, అక్కడే కాళ్ళు మడిచేయకండి, ఉప్పునీళ్ళూ ఇసకా గొట్టం లోపలికి పోతాయి. తెరిచి ఉన్నట్టే ఇంటికి తెచ్చి మంచినీళ్ళతో కడిగి, తలకిందులుగా పెట్టి, ఒక రాత్రంతా ఆరనిచ్చి తర్వాత మడవండి. తిప్పే లాకులైతే పూర్తిగా విప్పి లోపలి ప్లాస్టిక్ ముక్కలు తుడిచి, ఏది ఎటు పెట్టాలో ముందే ఫోన్లో ఫోటో తీసుకుని మళ్ళీ బిగించుకోండి.