రోజుకో పోస్టు పెట్టినా ట్రాఫిక్ రాని సైటు: నా అనుభవం

తెలంగాణ భూమి రికార్డుల మీద నడిచే తెలుగు సైటు పని నిన్ననే ఒక కొలిక్కి వచ్చింది. వేడి మీదున్నప్పుడే రాసేస్తున్నా. డొమైన్, థీమ్, సైట్‌మ్యాప్ ఒక పూటలో తెమిలే పనులు. తల తినేసింది పోస్టుల సంఖ్యే.

అంతకుముందు సైటు చూసిన ఏజెన్సీది ఒకటే లెక్క: రోజుకో పోస్టు, నెలాఖరుకు ఎక్సెల్ షీటు, వెంటనే బిల్లు. నాణ్యత మాటెత్తితే "మీకు ఎస్ఈవో (సెర్చ్‌లో పేజీలను పైకి తెచ్చే విద్య) తెలీదు సార్" అని నలుగురి ముందు నవ్వారు. తీరా, మన పేజీల సంగతి గూగుల్ చెప్పే ఉచిత పరికరం సెర్చ్ కన్సోల్‌లో చూస్తే సగానికి పైగా పోస్టులు ‘క్రాల్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’. ‘డిస్కవర్డ్’ అని ఉంటే గూగుల్‌కు లింకు తెలిసింది, ఇంకా రాలేదని. ‘క్రాల్డ్’ అంటే వచ్చి, చదివి, తన ఇండెక్స్‌లో (వెతుకులాట జాబితాలో) చేర్చకుండా పక్కన పెట్టిందని. అలాంటి పేజీకి ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ ఎన్నిసార్లు నొక్కినా వృథా, లోపలి సరుకు మారాలి. వాళ్లేమో క్రాల్ బడ్జెట్ (ఒక సైటులో గూగుల్ చదివే పేజీలకు ఉండే పరిమితి) సమస్య అన్నారు. ఆ బెంగ వేలు, లక్షల పేజీలుండే పెద్ద సైట్లకు ఉండాలి, మనకెందుకు?

అసలు జబ్బు వేరు. ‘పహాణీ డౌన్‌లోడ్ ఎలా’, ‘ఆన్‌లైన్‌లో పహాణీ’, ‘మొబైల్‌లో పహాణీ’: పోస్టులు మూడు, ప్రశ్న ఒక్కటే (పహాణీ అంటే పొలం యజమాని, సాగు వివరాల రికార్డు). మూడింటికీ మొదలు ‘రైతు దేశానికి వెన్నెముక’. సర్వే నంబరు ఎక్కడ కొట్టాలో ఐదో పేరాలో గానీ రాదు. పైగా అన్నీ పాత భూ రికార్డుల పోర్టల్ ధరణి నాటి స్క్రీన్‌షాట్లు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చాక వాటితో ఎవరికి పని?

ఇలాంటివి పట్టుకోవడానికి సెర్చ్ కన్సోల్‌లోని ‘పెర్ఫార్మెన్స్’ రిపోర్టును 16 నెలలకు పెట్టండి, అంతకు మించి ఇవ్వదు. ఒక క్వెరీ (జనం వెతికిన మాట) మీద నొక్కి ‘పేజెస్’ ట్యాబ్‌కి వెళ్లండి. ఒకే క్వెరీకి రెండు మూడు పేజీలు ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) పంచుకుంటూ, అన్నీ ఒకే జవాబు చెబుతుంటే కలిపేయాల్సిందే. క్లిక్కులు, బయటి లింకులు ఎక్కువున్న యూఆర్ఎల్ ఉంచుకుని, మిగతావాటిలో పనికొచ్చే ముక్కలు అందులోకి తెచ్చి, వాటికి 301 రీడైరెక్ట్ (పాత చిరునామా నుంచి ఉంచిన పేజీకి శాశ్వతంగా మళ్లించడం) పెట్టాలి. బ్లాగర్‌లో దీనికి సెట్టింగ్స్‌లోనే ‘కస్టమ్ రీడైరెక్ట్స్’ ఉంది. అన్నిటినీ హోమ్‌పేజీకి తిప్పితే గూగుల్ వాటిని సాఫ్ట్ 404 (లేని పేజీ) కింద లెక్కేయవచ్చు. లోపలి లింకులు కూడా మార్చాలి, ఇది అందరూ మర్చిపోతారు.

దేనితోనూ కలవని చెత్తను తీసేయండి, లేదా నోఇండెక్స్ (ఫలితాల్లో చూపించొద్దని గూగుల్‌కు చెప్పే ట్యాగ్) పెట్టండి. నోఇండెక్స్ పెట్టి, అదే పేజీని రోబోట్స్ ఫైల్లోనూ (ఏ పేజీలకు రావొద్దో గూగుల్‌కు చెప్పే ఫైలు) అడ్డుకోవడమంటే గదికి తాళమేసి లోపల నోటీసు అంటించడమే. గూగుల్ లోపలికి రాదు, ట్యాగ్ చూడదు.

అలాగని సంఖ్య పెంచడం తప్పని కాదు. విరాసత్ (వారసత్వ బదిలీ), భూమి భాగ పంపకం, నాలా మార్పిడి (సాగు భూమిని సాగేతరంగా మార్చడం), నిషేధిత భూముల జాబితా వేర్వేరు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్కో పోస్టు న్యాయమే. ఒక్క మనిషి రాసే సైటుకైతే వారానికి రెండు కొత్తవి, ఒక పాతదాని మరమ్మతు చాలంటాను. జవాబు మొదటి మూడు వాక్యాల్లో రావాలి. స్క్రీన్‌షాట్ రాసిన రోజు తీసిందై ఉండాలి, పట్టాదారు పేరు, ఖాతా నంబరు చెరిపేయాలి. బటన్ పేరు తెరమీద ఎలా ఉంటే అలాగే రాయాలి. ఓటీపీ రాకపోతే, సర్వే నంబరు జాబితాలో కనిపించకపోతే ఏం చేయాలో కూడా ఉండాలి. మిగతా సైట్లు ఎగ్గొట్టేది అదే.

1500 పదాలు ఉండాల్సిందేనన్న మాట నమ్మొద్దు, ఫలానా పదాల సంఖ్య తమకు ఇష్టమని లేదని గూగులే రాసి పెట్టింది. తేదీ ఒక్కటే మార్చి ‘అప్‌డేటెడ్’ అనిపించుకోవడం కూడా పారదు. 2024 మార్చిలో వచ్చిన స్పామ్ నిబంధన ప్రకారం, రాసింది మనిషైనా యంత్రమైనా, ర్యాంకు కోసమే గుట్టలుగా పోస్తే వేటే.

కలిపాక కొన్ని వారాలు ట్రాఫిక్ కిందికి పోవచ్చు. కంగారుపడి పాత పోస్టులు మళ్లీ తెరవకండి. రీడైరెక్టులు కనీసం ఏడాది పాటు ఉంచండి.