మిర్యాలగూడ మిల్లులో బ్లూటూత్ యాక్సెస్ సర్వర్: నెట్‌వర్క్ అమరికలో నా అనుభవం

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు ఉంది. అక్కడ ధాన్యం దించే షెడ్డులోని ఎలక్ట్రానిక్ కాటాల బరువును, తేమ మీటరు చూపే శాతాన్ని గుమస్తా పుస్తకంలోకి ఎక్కించి, సాయంత్రం మళ్ళీ కంప్యూటరులో కొట్టేవారు. ఈ రెండు పనులూ లేకుండా అంకెలు నేరుగా ఆఫీసు కంప్యూటరుకు చేరేలా చూడమని యజమాని నన్ను అడిగారు. కాటాలకు, మీటరుకు బ్లూటూత్ ఉంది కానీ, ఆఫీసు వాటి రేడియోకు అందనంత దూరంలో ఉంది. అందుకని షెడ్డులో యాక్సెస్ సర్వర్ పెట్టాలని నిర్ణయించాం. ఒకవైపు బ్లూటూత్ రేడియో, మరోవైపు ఈథర్‌నెట్ పోర్టు ఉండి, లోపల లినక్స్ నడిచే చిన్న పెట్టె అది.

దాని సెట్టింగుల పేజీలో ఏ గడి నింపాలన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. బ్లూటూత్ వైపు నుంచి వచ్చే ప్రతి పరికరానికీ సొంత ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) కావాలా, అక్కరలేదా? కాటా, తేమ మీటరు సీరియల్ పోర్టు ప్రొఫైల్‌లో, అంటే తీగ బదులు బ్లూటూత్ మీద అక్షరాలను వరుసగా పంపే పద్ధతిలో, మాట్లాడతాయి. వాటికి ఐపీ అంటే ఏమిటో తెలియదు, తెలియనవసరం లేదు. అవి పంపిన అక్షరాలను యాక్సెస్ సర్వర్ అందుకుని, తన చిరునామా నుంచి ఆఫీసు కంప్యూటరులోని ఒక టీసీపీ పోర్టుకు (నెట్‌వర్క్ నుంచి వచ్చే సమాచారాన్ని ప్రోగ్రాము అందుకునే ద్వారానికి) పంపుతుంది. షెడ్డులో సూపర్‌వైజరు వాడే ల్యాప్‌టాప్ అలా కాదు. అది బ్లూటూత్ మీదుగానే నెట్‌వర్క్‌లో చేరే పాన్ ప్రొఫైల్ వాడి, నెట్‌వర్క్‌లో మరో కంప్యూటరులాగా సొంత చిరునామా తీసుకుంటుంది. ఈ తేడా స్పష్టమైతే తక్కిన సెట్టింగులలో సగం వాటంతట అవే తేలిపోతాయని నా అభిప్రాయం.

మాకు వచ్చిన పెట్టె అంతకుముందు వేరే చోట పనిచేసినది. దానిలో పాత స్థిర చిరునామా అలాగే ఉంది, అది మా రౌటరు వాడే చిరునామాల వరుసకు చెందినది కాదు. కాబట్టి ఈథర్‌నెట్ తీగ కలిపినా బ్రౌజరుకు దొరకలేదు. నెట్‌వర్క్‌తో పని లేకుండా పెట్టెలోకి నేరుగా వెళ్ళనిచ్చే సీరియల్ కన్సోల్ తీగను ల్యాప్‌టాప్‌కు కలిపి, వేగం 115200, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అని పెట్టగానే లాగిన్ వరుస కనిపించింది. నెట్‌వర్క్ ద్వారా లోపలికి వెళ్ళి చిరునామా మారిస్తే, మార్చిన క్షణమే మన సంబంధం తెగిపోతుంది. కన్సోల్‌కు ఆ ఇబ్బంది లేదు. అందుకే ఈ పనికి వెళ్ళేవారు ఆ తీగను సంచిలో తప్పక పెట్టుకోవాలి.

లోపల ఇంటర్‌ఫేస్‌ల (నెట్‌వర్క్‌కు కలిపే ద్వారాల) జాబితాలో ఈథర్‌నెట్‌తో పాటు ఒక బ్రిడ్జి కూడా కనిపించింది. పాన్‌లో చేరే ప్రతి బ్లూటూత్ పరికరానికీ ఒక బీనెప్ (బ్లూటూత్ మీదుగా నెట్‌వర్క్ సమాచారం మోసే పద్ధతి) ఇంటర్‌ఫేస్ ఏర్పడుతుంది. వాటినీ ఈథర్‌నెట్‌నూ కలిపి ఒకే నెట్‌వర్క్‌గా చేసేదే ఈ బ్రిడ్జి. కాబట్టి ఐపీ చిరునామా బ్రిడ్జికి ఇవ్వాలి, ఈథర్‌నెట్‌కు విడిగా ఇవ్వకూడదు. రెండింటికీ ఒకే వరుసలోని చిరునామాలు ఇస్తే, ఏ దారిన వచ్చిన పలకరింపుకు ఏ దారిన జవాబు వెళ్తుందో పసిగట్టడం కష్టమవుతుంది.

మిల్లు రౌటరు చిరునామా 192.168.1.1. అది డీహెచ్‌సీపీ (అడిగిన పరికరానికి చిరునామా ఇచ్చే సేవ) ద్వారా, చివరి సంఖ్య 100 నుంచి 199 వరకు ఉండే చిరునామాలు పంచుతుంది. ఆ పరిధికి బయట ఉన్న 192.168.1.20ని బ్రిడ్జికి స్థిరంగా ఇచ్చి, మాస్క్‌గా (చిరునామాలో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే సంఖ్యగా) 255.255.255.0 పెట్టాను. సర్వర్ చిరునామా ఒక్కటే స్థిరంగా ఉంటే సరిపోదు. అది బరువులు పంపే ఆఫీసు కంప్యూటరు చిరునామా కూడా మారకూడదు. అందుకే రౌటరులో ఆ కంప్యూటరు మ్యాక్ చిరునామాకు (నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్యకు) ఒక ఐపీని కేటాయించి ఉంచాను.

అంతా సరిగా ఉందనుకున్న దశలో మొదటి బరువులు ఆఫీసుకు చేరాయి. వాటిపై తేదీ మాత్రం 1970 జనవరి 1, ఉదయం ఐదున్నర దాటిన సమయం. గుమస్తా తెర చూసి, “సారూ, బరువు మంచిగనే వచ్చింది గానీ, తారీఖు గిట్లున్నదేంది?” అని అడిగారు. లినక్స్ కాలాన్ని లెక్కించడం మొదలుపెట్టే క్షణం అదే. విద్యుత్తు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపే బ్యాటరీ ఈ పెట్టెలో లేదు. కనుక ప్రతిసారీ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీదుగా సమయం తెచ్చే పద్ధతి) ద్వారా బయటి నుంచి సమయం తెచ్చుకోవాలి. దానికి డీఎన్‌ఎస్ (పేరును ఐపీ చిరునామాగా మార్చే సేవ), గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి) రెండూ కావాలి. పాత అమరికలో గేట్‌వే గడి ఖాళీగా ఉంది. స్థానిక నెట్‌వర్క్‌లో మాటామంతీకి గేట్‌వే అక్కరలేదు కాబట్టి, అది లేకపోయినా బరువులు చక్కగా చేరాయి, లోపం కనబడలేదు. గేట్‌వేగా, డీఎన్‌ఎస్‌గా రౌటరు చిరునామా ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టగానే సమయం కుదిరింది. మిల్లులో ఇది చిన్న విషయం కాదు. ఏ లారీ ముందు వచ్చింది, 17 శాతం తేమ పరిమితిని ఏ గడియలో దాటింది అన్న వాదన వస్తే, ఆధారం ఆ సమయమే.

సర్వర్‌లో ఉన్న సొంత డీహెచ్‌సీపీ సేవను ఆపేశాను. బ్రిడ్జి వల్ల ల్యాప్‌టాప్ అడిగే చిరునామా అభ్యర్థన రౌటరుకు చేరుతుంది. అదే తీగపై ఇద్దరు చిరునామాలు పంచితే ఎవరి జవాబు ముందు వస్తే దానిదే రాజ్యం అవుతుంది. ఇక ఒక రేడియో కింద ఒకేసారి ఏడు పరికరాలే చురుగ్గా ఉండగలవు. అది ఐపీ అమరికతో మారే పరిమితి కాదు, బ్లూటూత్ పికోనెట్ (ఒక రేడియో కింద చేరే చిన్న గుంపు) నియమం. కాటాలు, మీటరు, ల్యాప్‌టాప్ కలిపినా మా లెక్క ఆ లోపే ఉంది.

చివరగా పాత పాస్‌వర్డ్ మార్చి, బ్లూటూత్ జతకట్టే పిన్ కూడా మార్చి, సెట్టింగుల నకలు ఒకటి ఆఫీసు కంప్యూటరులో దాచాను. తరువాత మెయిన్ స్విచ్ ఆపి, మళ్ళీ వేశాను. పెట్టె లేచి, సమయం తెచ్చుకుని, ఎవరూ ముట్టుకోకుండానే కాటాలతో మళ్ళీ కలిసింది. 40 కిలోల బస్తా కాటాపై పెట్టి, ఆఫీసు తెరపై బరువూ గడియారమూ రెండూ సరిగా పడేవరకు చూసి, పరికరాల చిరునామాలు రాసిన కాగితాన్ని గుమస్తా చేతికిచ్చాను.